పొత్రం లేని సన్నెకల్లు

మా వంటింట్లో సన్నెకల్లు ఉంది, దానికి పొత్రం లేదు. పచ్చడి నూరాలంటే కింద పలక ఎంత అవసరమో పైన దొర్లించే రాయీ అంతే అవసరం కాబట్టి, ఆ సన్నెకల్లు ఎందుకూ కొరగాకుండా పెరటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని ఉంటుంది. నెల్లూరులో మేం మూడిళ్ళు మారాం. మారిన ప్రతిసారీ మా కోడలు సునీత దాన్ని చూపించి, "దీన్ని కూడా లారీలో ఎక్కించాలా అత్తయ్యా?" అని అడగడం, నేను ఎక్కించమనడం మామూలైపోయింది. పోయిన నెల మాత్రం ఆ పిల్ల ఊరుకోలేదు. "ఇంతకీ పొత్రం యాడ పోయింది? ఎవురికన్నా ఇచ్చినారా?" అని నిలదీసింది. ఇచ్చామన్నాను. ఎవరికంటే, ఒక గోరీకి అన్నాను. నాకు మతి తప్పుతోందేమోనని ఆ పిల్ల నా మొహంలోకి అదోలా చూసింది. అయినా మంచి పిల్ల. మరుసటి వారమే కారు మాట్లాడించి, నన్ను వాకాడు దాటించి మా ఊరికి తీసుకుపోయింది. తిరిగొచ్చాక కూర్చుని ఇది రాస్తున్నాను.

మా ఊరికి ఒక పక్క కాలవ, ఇంకో పక్క సముద్రం. మధ్యలో ఉన్నదంతా ఇసుకే. ఆ నేలలో ఎంత లోతు తవ్వినా అచ్చనగాయలాడుకునే పాటి రాయి కూడా దొరకదు. ఊళ్ళో రాయి అనేది కనిపించిందంటే అది ఎక్కడినుంచో పడవ మీదో బండి మీదో వచ్చిందన్నమాట. మా సన్నెకల్లూ అలా వచ్చిందే, మా అవ్వ మరియమ్మ పెళ్ళినాడు వాళ్ళ నాయన పడవలో తెప్పించాడు. అవ్వంటే మా నాయన్ని కన్నతల్లి. తెల్లారేసరికి ఆమె అల్లం, వెల్లుల్లి, ధనియాలు నూరే చప్పుడుతో మాకు మెలకువ వచ్చేది. ఆ వాసన, గుల్లల బట్టీ దగ్గర సున్నం కాలే వాసన, ఎండబెట్టిన చేపల వాసన కలిసిపోయి ఉండేవి. ఊరొదిలి నెల్లూరు హాస్టలుకి పోయాకే అలాంటి వాసనలు అన్ని ఊళ్ళకీ ఉండవని నాకు తెలిసింది.

మాది బాప్టిస్టు సంఘం. నాయన మిషన్ బడిలో మాస్టరు, సంఘానికి పెద్ద. పాస్టరుగారు నెలకొక్కసారి, ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం మాత్రమే వచ్చేవారు. మిగతా వారాల్లో ఆరాధన జరిపించేది నాయనే. ఆదివారం మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. చీపురు పట్టకూడదు, సూది ముట్టకూడదు, కూరగాయ కోయకూడదు. శనివారం వండిన చేపల పులుసు, మామిడికాయ ముక్కలతో సహా ఆదివారానికి బాగా ఊరి ఉండేది కాబట్టి ఆ నియమం మాకేమీ కష్టంగా తోచలేదు. ఇంట్లో ఈ నియమాలకి కాపలాదారు అవ్వే. ఒక ఆదివారం నేను జాకెట్‌కి ఊడిన బొత్తాం కుట్టుకుంటుంటే, సూది లాక్కుని సోమవారం దాకా దాచిపెట్టింది. ఆ రోజంతా పిన్నీసు పెట్టుకుని తిరిగాను.

ఇక గోరీ సంగతి. కాలవ గట్టు కింద, మా సంఘం సమాధులకి కాస్త ఎడంగా, ఒంటరిగా ఒక నల్లరాతి పలక ఉండేది. దాన్ని ఓవర్సీరు గోరీ అనేవాళ్ళు. పెద్ద కరువులో గంజి పోసి జనంతో కాలవ తవ్వించినప్పుడు, ఎక్కడో బొంబాయి వైపునుంచి వచ్చిన ఓవర్సీరొకాయన ఇక్కడే జ్వరంతో పోయాడట. అవ్వ వాళ్ళ నాయన అప్పటికి పిల్లాడు, తల్లితోపాటు మట్టి మోసేవాడు. ఆ ఓవర్సీరు అతనికి రోజూ రెండో ముంత గంజి పోయించేవాడట. ఆ ముంతే లేకపోతే తనూ లేదు, మేమూ లేము అనేది అవ్వ. అందుకని ఏటా ఈస్టరుకి ముందు మా వాళ్ళ సమాధులకి సున్నం కొట్టేటప్పుడు ఆయన గోరీకీ కొట్టేవాళ్ళం. పైన నీలిమందుతో సిలువ గీసేది అవ్వ. దొరల కొలువులో ఉన్నవాడు కాబట్టి క్రైస్తవుడే అయ్యుంటాడని మా అందరి నమ్మకం.

నేను టీచరు ట్రైనింగు ముగించుకుని ఇంటికొచ్చిన ఏడు, నాయనకి బొంబాయినుంచి ఉత్తరం వచ్చింది. రాసినాయన పేరు రూబెన్, కాలేజీలో మాస్టరు. తాము యూదులమనీ, తమ కుర్రకారు చాలామంది త్వరలో ఇజ్రాయెలుకి వెళ్ళి స్థిరపడబోతున్నారనీ, పోయేముందు ఈ దేశంలో తమవాళ్ళ గుడులూ సమాధులూ ఒకసారి చూపించాలని ఎనిమిదిమందిని వెంటబెట్టుకుని తిరుగుతున్నాననీ రాశారు. కొచ్చిన్, మద్రాసు అయ్యాక మీ ఊరు రావాలనుకుంటున్నాం, వాళ్ళలో ఒకమ్మాయి అవ్వకి తాత కాలవ పనిలో ఓవర్సీరుగా ఉండి అక్కడే పోయాడు, సమాధి గానీ ఉందా అని అడిగారు. నాయన ఉత్తరాన్ని గట్టిగా చదివి వినిపిస్తే అవ్వ లేచి నిలబడింది. బైబిలు వాక్యంలో చదివే జనం కళ్ళెదుట మన గడపలోకి వస్తారని ఆమె ఏనాడూ అనుకుని ఉండదు. "వాళ్ళు నిజంగా ఉండారంట్రా?" అని నాయన్ని రెండుసార్లు అడిగింది.

ఊరంతా సర్దడం మొదలుపెట్టాం. అతిథులొస్తున్నారంటే మా వాళ్ళకి ముందు గుర్తొచ్చేది సున్నమే. బడికి కొట్టారు, గుడికి కొట్టారు. గోరీ పని నేను చేస్తానన్నాను. చదువుకున్నదాన్ని, పనిలో నా తీరే వేరని చూపించుకోవాలని ఉబలాటం. పాత సున్నం పెచ్చులుగా లేచి ఉంటే చీపురుతో దులిపాను. పలక నిండా పగుళ్ళూ గుంటలూ కనిపించాయి. దూరంనుంచి వచ్చేవాళ్ళకి ఇలాంటి గతుకుల రాయి చూపిస్తే ఏం బాగుంటుందనిపించింది. గుల్లసున్నంలో సన్న ఇసుక, బెల్లం నీళ్ళు కలిపి ముద్ద చేసి, ఒక్కొక్క గుంటనూ బొటనవేలితో అదిమి పూడ్చాను. దాని మీద మూడు పూతలు సున్నం. వంటింటి హడావుడిలో ఉన్న అవ్వ సాయంత్రం వచ్చి సిలువ మాత్రం గీసి, "అద్దం మాదిరి చేసినావే ఎస్తేరూ!" అంది. నేను పొంగిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం వాకాడులో బస్సు దిగి రెండు ఎడ్లబండ్లలో వచ్చారు. తెల్లగా, దొరల్లాగా ఉంటారనుకున్న జనం మాలాగే చామనఛాయలో ఉన్నారు. ఆడపిల్లలు చీరలు కట్టుకున్నారు, తమలో తాము మరాఠీ మాట్లాడుకుంటున్నారు. ఊరు ఊరంతా కాస్త నిరాశపడిందనే చెప్పాలి. ఓవర్సీరు తాలూకు అమ్మాయి హన్నా. నా ఈడుదే, బక్కగా ఉంది, మాట నెమ్మది. బడి వరండాలో ఆకులేసి అవ్వ, అమ్మ వడ్డించారు. ఒక పక్క రొయ్యల ఇగురు, ఒక పక్క పొలుసు లేని జెల్లచేపల పులుసు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. రూబెన్‌గారు ఎంతో మొహమాటపడుతూ, రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులు తమకి నిషిద్ధమని ఇంగ్లీషులో చెబితే నేను తెలుగులో అవ్వకి చెప్పాను. ఆ ఆజ్ఞ ఉన్న భాగం ఆమెకి కంఠతా వచ్చు, ఏ పూటయినా అప్పజెప్పగలదు. "నలభై ఏళ్ళుగా ఆ వాక్యం చదవతా ఉండానే, ఒక్కనాడన్నా దాంట్లో నాకు రొయ్య కనపడలా!" అని తనే పకపకా నవ్వింది. వాళ్ళు పెరుగన్నం, మాగాయ తిన్నారు. రొయ్యలు మేము తిన్నాం.

తిన్న వెంటనే గోరీ దగ్గరికి తీసుకెళ్ళాం. పాలరాయిలా మెరిసిపోతోంది. హన్నా చుట్టూ తిరిగి చూసి, ఏమీ రాసి లేదా అని అడిగింది. రూబెన్‌గారు సిలువనే చూస్తున్నారు. ఆయన మర్యాదస్తుడు. ఇది క్రైస్తవుల సమాధి అయ్యుండొచ్చనీ, మావాడేనని రుజువు లేకుండా ఇక్కడ మా ప్రార్థన చెప్పలేమనీ అన్నారు. రాత ఉండుంటే బాగుండేదన్నారు. నాయన నొచ్చుకుని, ఎవరికైనా ఏమైనా గుర్తుందా అని అడిగాడు. అవ్వ కళ్ళు మూసుకుని ఆలోచించింది. "నా చిన్నప్పుడు పిట్టకాళ్ళ మాదిరి గీతలుండేవి నాయనా. మా నాయన వేలు పెట్టి చూపించేవోడు. సున్నం మీద సున్నం పడి యాడో పోయినాయి" అంది. నా బొటనవేలు ఇంకా సున్నానికి పొక్కి మండుతోంది. నేను పూడ్చిన గుంటలు ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది. అవ్వ అన్న మాట ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. పాతకాలంలో ఏవో గీతలుండేవట అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. పిరికితనం, అంతకంటే ఏమీ కాదు.

అప్పటికే పొద్దు వాలుతోంది. శుక్రవారం పొద్దు గూకితే వాళ్ళకి విశ్రాంతి దినం మొదలు. మళ్ళీ శనివారం పొద్దు గూకేదాకా ఏ పనీ ముట్టరు. గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, పైన కొబ్బరినూనె తేల్చి, వత్తులు వేసి బడిలో దీపాలు వెలిగించుకున్నారు. అవ్వ గుమ్మంలో నిలబడి చూస్తూ, వాళ్ళ శనివారం మన ఆదివారం కన్నా గట్టిదని మెచ్చుకుంది. ఆదివారం పదకొండింటికి వాళ్ళ బండ్లు కదలాలి, లేకపోతే బస్సు, రైలు రెండూ తప్పిపోతాయి. శనివారం వాళ్ళు పని చెయ్యరు. శనివారం పొద్దు గూకాక చీకట్లో గీతేదో పగులేదో తెలియదు. ఆదివారం మేము చెయ్యం. ఆ సున్నం గీకే వేళ ఏదని రాత్రి పడుకుని ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా అంతే వచ్చింది.

శనివారం పొద్దున్న హన్నా, నేను సముద్రం వైపు నడిచాం. వచ్చే నెలలో వాళ్ళ ఓడ. వాళ్ళవ్వ మాత్రం ఓడెక్కడం లేదట, ఈ వయసులో కదలలేదట. మంచం మీదినుంచి ఆమె కోరింది ఒక్కటే, మా తాత దగ్గర మనవాళ్ళెవరూ ఒక్క ప్రార్థనైనా చెప్పలేదు, పోయేముందు నువ్వైనా చెప్పి రమ్మని. మళ్ళీ ఈ దేశానికి వస్తానో రానో అంది హన్నా. ఏడవలేదు. రేవులో టిక్కెట్టు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. అప్పుడు నాకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పేశాను, చీపురుతో దులిపిన దగ్గరనుంచి బెల్లం నీళ్ళ దాకా. తిట్టి ఉంటే బాగుండేది. తను ఎంత లోతుగా పూడ్చావని అడిగింది. గోరంత అన్నాను. ఇప్పుడే పోయి గీకేస్తానన్నాను. వద్దంది. తన కోసం తన విశ్రాంతి దినాన ఇంకొకరు పని చేస్తే అది తను చేసినట్టే అంది. "రేపు పొద్దున్నే నేను గీక్కుంటాను. నువ్వు రావొద్దు, రేపు మీ రోజు" అని కూడా అంది.

సాయంత్రం అన్నం సయించక నేను కంచం ముందునుంచి లేచిపోతే అవ్వ పట్టుకుని అడిగింది. ఆమెకీ చెప్పాను. విని లేచింది. పొద్దు గూకేలోపల ఉట్టి మీది కుండ దించి, పెద్ద చింతపండు ముద్దని నీళ్ళలో నానేసింది. సోమవారం పులుసుకి కాబోలనుకున్నాను.

ఆదివారం మొదటి గంట కొట్టారు. నాయన తెల్ల పంచె కట్టుకుని గుడికి ముందే వెళ్ళిపోయాడు. అవ్వ ఆరాధనకి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది, చింతపండు కుండ చంకనెత్తుకుంది, కొబ్బరి పీచు కొంగున ముడేసుకుంది. గుడి మెట్ల దగ్గర జనం చూస్తుండగానే మెట్లెక్కకుండా దాటి నేరుగా గట్టు కిందికి నడిచింది. నేను వెనక పరిగెత్తాను. హన్నా అప్పటికే తలపిన్నుతో సున్నం గీకుతోంది. అవ్వని చూసి కంగారుగా లేచి, ఈరోజు ఈమె పని చెయ్యకూడదు కదా, చెప్పమని నన్ను బతిమాలింది. చెప్పాను.

"చేయకూడదు గదా అని నాకు చెప్పేదానివి నువ్వా?" అని అవ్వ నామీద విసుక్కుని, హన్నా పక్కన కూలబడింది. ముందుగా తను గీసిన సిలువని చింతపండు రసంతో తనే తుడిచేసింది. ఆ పని మాత్రం మమ్మల్ని చెయ్యనివ్వలేదు. "ఆ పిల్లతో చెప్పవే. ఈయన మీవాడైతే మీకు అప్పజెప్పాల. కాకపోతే మా నాయన ఎవురి గంజి తాగినాడో నాకన్నా తెలవాల. ఊరికే పోనీడానికి లేదు."

ముగ్గురం కూర్చున్నాం. అవ్వ రసం పోసి పీచుతో రుద్దితే సున్నం మెత్తబడేది. హన్నా పిన్నుతో, నేను తుమ్మముల్లుతో తవ్వేవాళ్ళం. గుడిలోంచి పాటలు వినిపిస్తున్నాయి. నాయన గొంతు ఆరోజు మామూలుకంటే పైకి ఉంది. ముందు కింది వరసలో ఇంగ్లీషు అక్షరం ఒకటి బయటపడింది, ఆ వెనక ఇంకోటి. బెంజమిన్ అని పేరు, కింద ఓవర్సీరు అని. ఇంకా కాసేపటికి పై వరసలో నాకు తెలియని లిపి లేచింది. హన్నా దాని మీద కుడివైపునుంచి ఎడమవైపుకి వేలు పోనిస్తూ చదివింది. రూబెన్‌గారు మిగతావాళ్ళని పిలుచుకొచ్చారు. నిలబడి వాళ్ళ భాషలో ప్రార్థన చెప్పారు. అవ్వకి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా చివర వాళ్ళన్న ఆమేన్‌కి గట్టిగా ఆమేన్ అంది.

తరవాత వాళ్ళంతా నేల వెతకసాగారు. సమాధి చూడవచ్చినవాళ్ళు వచ్చామన్న గుర్తుగా దాని మీద ఒక రాయి పెట్టి పోవడం వాళ్ళ ఆచారమట. మా ఇసుకలో రాయెక్కడిది? ఆల్చిప్పలున్నాయని ఎవరో అంటే రూబెన్‌గారు తల అడ్డంగా ఊపారు. బండివాళ్ళు కేకలేస్తున్నారు. సంగతేమిటని అవ్వ అడిగితే చెప్పాను. "ఇంటికి పొయ్యి పొత్రం ఎత్తుకరా" అంది. నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "పొత్రమే. మా నాయనే తెప్పించినాడు గదా, ఈయనకి పెట్టేదానికి అంతకన్నా మంచిది యాడ దొరకతాది?" పసుపూ మిరపకాయా వాసన వేస్తున్న ఆ రాతిని నేను మోసుకొస్తే, హన్నా, అవ్వ చెరో చివరా పట్టుకుని పలక తలవైపు పెట్టారు. బండ్లు వెళ్ళిపోయాయి. హన్నానుంచి ఒక్క కార్డు వచ్చింది, క్షేమంగా చేరానని, వాళ్ళవ్వకి అంతా చెప్పే వెళ్ళానని.

ఇక్కడితో ఆపితే బాగానే ఉంటుంది గానీ, నేను చెప్పాల్సింది ఇంకా ఉంది. బల్ల ఆదివారం వచ్చింది. ఆరాధన మానేసి ఆదివారం పని చేసినవాళ్ళు సంఘం ముందు తప్పయిందని ఒప్పుకోవాలి, లేకపోతే వాళ్ళకి బల్ల ఇవ్వరు. ఆ మాట అడగాల్సిన పెద్ద మా నాయనే. ముందురోజు ఇంట్లో అవ్వ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఒక్క మాటమ్మా. తప్పయిందని అంటే అయిపోతాది గదా" అన్నాడు. "నాకు తప్పని తోచలేదురా. తోచనిది తోచినట్టు చెప్తే అది అబద్ధం. బల్ల కాడికి అబద్ధం ఆడి పొయ్యేదానికన్నా పోకుండా వెనక కూచునేది మేలు" అంది అవ్వ. మరునాడు నాయన లేచి ఇద్దరి పేర్లూ పిలిచాడు. అవ్వ, లేదన్నట్టు తలూపి వెనక చాప మీదికి వెళ్ళి కూర్చుంది. నాకు మిషన్ బడిలో ఉద్యోగం కావాలి, దానికి సంఘం ఉత్తరం కావాలి. నేను లేచి, తప్పయిందన్నాను. సున్నంతో అక్షరాలు పూడ్చిన నాకు ద్రాక్షరసం ఇచ్చారు, వాటిని వెలికి తీసిన ఆమెకి ఇవ్వలేదు. ఆ గుక్క గొంతు దిగడానికి ఎంతసేపు పట్టిందో నాకిప్పటికీ గుర్తుంది. అవ్వ బతికినన్నాళ్ళూ ప్రతి బల్ల ఆదివారం ఆ వెనక చాప మీదే కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త పొత్రం కొనలేదు, రోట్లో దంచుకుంది. ఉద్యోగం నాకొచ్చింది, ముప్ఫై ఏళ్ళు పైన చేశాను.

పోయిన నెల సునీతా నేనూ వెళ్ళేసరికి మా ఊరు నేను గుర్తుపట్టలేకపోయాను. గట్టు కిందంతా రొయ్యల గుంటలు, నీళ్ళు చిలికే చక్రాల రొద. గుడి కొత్తది, చలువరాతి నేల, మైకుసెట్టు. ఆదివారాలు గుంటల్లో మేత వెయ్యక తప్పదు కాబట్టి ఆ పాత నియమాన్ని ఇప్పుడెవరూ పట్టించుకోరని, పని చేసినందుకు ఎవరికీ బల్ల ఆపరని ఇప్పటి పెద్ద నవ్వుతూ చెప్పాడు. గోరీ రెండు గుంటల మధ్య కట్ట మీద ఉంది. పలక సగం ఇసుకలో దిగింది, అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. పొత్రం పెట్టినచోటే ఉంది. సముద్రం మీద చేపల వేటకి పోయే పల్లెవాళ్ళ ఆడవాళ్ళు ఎప్పటినుంచో దానికి పసుపు రాసి కుంకుమబొట్లు పెడుతున్నారట. సునీత దాన్ని అటూ ఇటూ చూసి, "అత్తయ్యా, కారులో పడతాది, తీసకపోదామా? సన్నెకల్లు ఉండనే ఉండాది గదా" అంది.

వద్దన్నాను. మోకాళ్ళు సహకరించకపోయినా కట్ట మీద కూర్చున్నాను. ఆదివారమే అది. వేలికి కాస్త కొంగు చుట్టి, అక్షరాల్లో పేరుకున్న ఇసుకని ఒక్కొక్కదాన్లోంచీ తీశాను, కుడివైపునుంచి ఎడమవైపుకి. అంతా అయ్యాక పొత్రం మీద చెయ్యి వేసి, ఆనాడు సంఘం ముందు అనాల్సిన మాటని, పక్కన కోడలు వింటుండగానే పైకి అన్నాను.

"తప్పు కాదవ్వా. నాకూ తప్పని తోచలేదు."